పేర్లు లేని బల్లగుడ్డ

మూడో రోజూ పళ్ళెం అలాగే తిరిగొచ్చింది. టోస్టు అంచు కూడా కొరకలేదు. టీ చల్లారి మీగడ కట్టింది.

గ్లెనిస్ ఆ పళ్ళేన్ని సింకు పక్కన ఠపీమని పెట్టింది. ఎనభై నాలుగేళ్ళ తల్లి ఆదివారం నుంచి గది తలుపు వేసుకుని కూర్చుంటే ఏ కూతురికైనా భయం వెయ్యాలి. గ్లెనిస్‌కి మాత్రం ఒళ్ళు మండుతోంది. కొట్టు తెరవడానికి ఇంక ఇరవై రెండు రోజులే ఉంది. శుక్రవారం అమ్మ సంతకం పెట్టకపోతే తెరవడానికి అసలు కొట్టే ఉండదు.

వెనక తలుపు తోసుకుని అన్న రస్సెల్ వచ్చాడు, చేతిలో బేకరీ అట్టపెట్టెతో. అమ్మకిష్టమని కస్టర్డ్ ముక్కలు తెచ్చాడట. అమ్మ మీద అంత ప్రేమ పొంగినవాడు పెట్టె కింద నీలం ఫైలు దాచుకుని రానక్కర్లేదు. అందులో ఉన్నది మెల్‌బోర్న్ బిల్డరు పంపిన అమ్మకం కాగితం. పెన్‌వార్న్ కొట్టు ముందు గోడ ఒక్కటీ ఉంచి, వెనక నాలుగంతస్తులూ పడగొట్టి ఫ్లాట్లు కడతాడు. ఆ గోడైనా ఎందుకంటే, బల్లారట్ మునిసిపాలిటీ ఊరుకోదు కనుక.

గ్లెనిస్ కాగితం వేరు. అది పదేళ్ళ లీజు. పధ్నాలుగేళ్ళుగా పావురాలు కాపురం చేసిన కొట్టుని ఆమె ఏడాదిగా కడిగి, తుడిచి, రంగులు వేయించి నిలబెట్టింది. ఎవరి గొర్రెల షెడ్డులోనో పడి ఉన్న ఈ కొట్టు పాత ఓక్ చెక్క కౌంటర్లని వెతికి తెప్పించింది. ఇత్తడి లిఫ్ట్ మళ్ళీ కదిలింది. నాన్న పోతూ భవనమంతా అమ్మ పేర రాశాడు. ఎల్లుండి పది గంటలకి లాయరు ముందు అమ్మ ఏదో ఒక కాగితం మీదే సంతకం పెడుతుంది.

"ఇంకా తలుపు తియ్యలేదా?" అన్నాడు రస్సెల్.

"నీ కస్టర్డ్ వాసన తగిలితే తీస్తుందేమో చూడు."

"నువ్వేం చేశావో ముందది చెప్పు. ఆదివారం కొట్టు చూపిస్తానని తీసుకెళ్ళావు. నవ్వుతూ వెళ్ళిన మనిషి మూగదై తిరిగొచ్చింది."

తనేం చేసిందో గ్లెనిస్‌కి నిజంగానే తెలియదు. పెద్ద మెట్ల పక్క గోడంతా కొట్టు చరిత్రతో నింపింది. ఆదివారం అద్దాల్లోని సరుకు చూసి ఎవరికీ ఆశ పుట్టకూడదని శనివారమే తెరలు దించిన ముత్తాతగారి భక్తి, మూడో అంతస్తు టీ గది, లిఫ్ట్ నడిపేవాళ్ళ టోపీలు, అన్నీ పెట్టింది. అన్నిటికంటే ముచ్చటగా పెట్టింది మాత్రం బల్లగుడ్డ సంగతి.

అది ఆ కొట్టు ఆచారం. అక్కడ పనిచేసే అమ్మాయికి పెళ్ళి కుదిరితే చివరి శనివారం సిబ్బందంతా మెట్ల దగ్గర చేరి ఆమెకి తెల్లటి నార బల్లగుడ్డ ఇచ్చేవారు. దాని మీద అందరూ పెన్సిలుతో పేర్లు రాస్తే, కుట్టుపని గదివాళ్ళు ఆ పేర్లని రంగు దారాలతో కుట్టేవారు. గ్లెనిస్ దాని గురించి ప్రేమగా నాలుగు వాక్యాలు బోర్డు మీద రాసి, పైన 'పెళ్ళికానుక' అని పేరు పెట్టింది. కింద ఒక గుడ్డ కూడా పరిచింది. అమ్మ బీరువా కింది సొరుగులో పాత కాగితంలో చుట్టి ఉన్న గుడ్డ అది. అంచు కుట్టు చూస్తే కళ్ళు తిప్పుకోలేం, పేరు మాత్రం ఒక్కటీ లేదు. కొత్తగా చేరిన పధ్నాలుగు మంది చేత దాని మీద నీలం సిరాతో పేర్లు రాయించింది. అమ్మ మురిసిపోతుందనుకుంది.

అమ్మ ఆ గుడ్డ ముందు చాలాసేపు నిలబడి, ఇంటికి తీసుకెళ్ళమంది.

అంతకు రెండు రోజుల ముందు అల్డోనా కూడా ఇలాగే చేసింది. ఒకప్పుడు పెన్‌వార్న్ కుట్టుపని గదిలో పనిచేసి, అరవయ్యేళ్ళుగా సరిగ్గా ఎదురుగా సొంతంగా బట్టలు కుట్టే కొట్టు నడుపుతున్న మనిషి. తెరిచే రోజున తాళం ఆమే తియ్యాలని, ఆమె వెనక పాత సిబ్బంది మెట్లు దిగి రావాలని ఏర్పాటు. బోర్డు చదివి, కళ్ళజోడు తీసి, మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయింది. సాయంత్రానికల్లా పాత సిబ్బంది ఒకరి తరవాత ఒకరు ఫోన్లు చేశారు, మేం రామంటే మేం రామని.

ఇదంతా విని రస్సెల్ తాపీగా కస్టర్డ్ ముక్క నోట్లో వేసుకున్నాడు. అక్కర్లేని పాత సామానంతా గోడకెక్కిస్తే ఇలాగే అవుతుందన్నాడు. ఊళ్ళో ఉన్నవాళ్ళంతా ఫోన్లలో కొనుక్కుంటుంటే కౌంటర్ వెనక నిలబడి రిబ్బన్లు కోసే కొట్టు ఎవరిక్కావాలన్నాడు. నీకు ఉద్యోగం పోయి తోచక చేస్తున్న పనికి అమ్మని బలి పెడుతున్నావని కూడా అన్నాడు. గ్లెనిస్ ఊరుకుంటుందా? నాన్న నడుస్తున్న కొట్టు చేతికిస్తే ఆరేళ్ళలో తాళం వేసిన ఘనత ఎవరిదని అడిగింది. రస్సెల్ ముఖం కందిపోయింది.

అప్పుడు నడవలో తలుపు చప్పుడైంది.

వాళ్ళ అమ్మ మెర్ల్ బూడిద రంగు స్వెటర్ వేసుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. మూడు రోజులుగా పస్తులున్న మనిషిలా లేదు, తీర్పు చెప్పడానికి వచ్చినట్టుంది.

"ఆ గుడ్డ ఎక్కడుంది?"

"కొట్టులోనే ఉందమ్మా."

"నా సొరుగు తియ్యమని నీకెవరు చెప్పారు?"

"ఖాళీ గుడ్డే కదా అని..."

మెర్ల్ కూతురి వంక అలా చూస్తూ ఉండిపోయింది.

"శుక్రవారం పది గంటల్లోపు ఆ బోర్డు తీసెయ్యాలి. గుడ్డ తెచ్చి నా చేతికివ్వాలి. తీస్తే నీ కాగితం మీద పెడతాను. లేకపోతే వాడి కాగితం మీద." రస్సెల్ ఫైలు వంక చూసింది. "అది వెన్నలో పెట్టావు, తియ్యి."

ఎందుకని గ్లెనిస్ రెండుసార్లు అడిగింది. మెర్ల్ ఒక టోస్టు ముక్క తీసుకుని, జామ్ రాసుకుని, అంచులతో సహా తినేసింది.

*

అల్డోనా కొట్టులో ఎప్పుడూ ఇస్త్రీ ఆవిరి వాసన. గ్లెనిస్ లోపలికి అడుగు పెట్టగానే మిషన్ ఆగింది కానీ మనిషి తలెత్తలేదు.

"జిప్పు మార్చాలా, పొడుగు తగ్గించాలా? ఆ రెండూ కాకపోతే తలుపు దగ్గరగా వేసి వెళ్ళు. చలి."

"అల్డోనా గారూ, ఆ బోర్డులో ఏం తప్పుందో చెప్పండి. ఇప్పుడే తీసేస్తాను." బోర్డు తీసేస్తే తల్లీ చల్లబడుతుంది, ఈవిడా చల్లబడుతుందని గ్లెనిస్ లెక్క.

"తీసెయ్యకు. కానుకని రాశావే, అది దిద్దు."

"కానుక కాదా?"

అల్డోనా దారం పంటితో కొరికింది. "శనివారం గుడ్డ ఇచ్చేవాళ్ళు. సోమవారం పనిలోకి వెళ్తే తలుపు దగ్గరే ఆపేసేవాళ్ళు. పెళ్ళయిన ఆడదానికి మీ కొట్టులో పని లేదు. గుడ్డ చేతిలో పెట్టారంటే ఇంక రావద్దని. మేమందరం చప్పట్లు కొట్టి, సోమవారం నుంచి ఆ కుర్చీ వంక చూడకుండా పని చేసుకునేవాళ్ళం. నువ్వు దాన్ని తెచ్చి పూలతో అలంకరించావు."

గ్లెనిస్ యాభై ఏడేళ్ళుగా పెన్‌వార్న్ పిల్లగా బతికింది. ఆ బల్లగుడ్డల ఫొటోలు ఆల్బమ్‌లో చూస్తూ పెరిగింది. ఫొటోలో అందరూ నవ్వుతూనే ఉండేవారు మరి.

అల్డోనా మెడలోంచి సన్నటి గొలుసు పైకి లాగింది. దానికి ఉంగరం వేలాడుతోంది. ఏడాదిన్నర ఆ ఉంగరాన్ని జాకెట్టులో దాచుకున్నానంది. ఓడ దిగి వచ్చిన లిథువేనియా పిల్ల, మొగుడికి గనిలో కాలు విరిగింది, ఉద్యోగం వదులుకుంటే ఇద్దరూ ఏం తింటారు? అలా దాచుకున్నవాళ్ళు ఆ గదిలో ఇంకా ముగ్గురున్నారు. ఒక సోమవారం పొద్దున్న నలుగురి పేర్లూ పిలిచారు. అందరి ముందూ గొలుసులు బయటికి తియ్యమన్నారు.

"జేబుల్లో వెతకలేదు, పర్సుల్లో వెతకలేదు. తిన్నగా మెడ చూపించమన్నారు. పక్కన కూర్చుని అన్నం తినే మనిషి చెప్తే తప్ప ఎలా తెలుస్తుంది?"

"ఎవరు చెప్పారు?"

"మీ అమ్మ గుడ్డ ఖాళీగా ఎందుకుందో ఎప్పుడైనా అడిగావా?"

గ్లెనిస్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

అల్డోనా ఆగలేదు. ఆ ఏడాది అక్టోబరులోనే గ్లౌజుల కౌంటర్ మెర్ల్‌కి యజమాని కొడుకుతో పెళ్ళి కుదిరింది. ఎవరిని చేసుకున్నా ఆచారం ఆచారమే కదా. గుడ్డ కొన్నారు. పేరు మాత్రం ఒక్కరూ రాయలేదు. అందరూ కూడబలుక్కుని ఆ గుడ్డని రోడ్డు దాటించి, కొత్తగా పెట్టుకున్న ఈ కొట్టుకే తెచ్చారు, అంచు అల్డోనాయే కుట్టాలని.

"నా చేతి పని మెర్ల్ ఎక్కడున్నా గుర్తుపడుతుంది. అందుకే నా జన్మలో ఎన్నడూ కుట్టనంత బాగా కుట్టాను. రిబ్బన్ కట్టిన పెట్టెలో పెట్టి, మెట్ల దగ్గర అందరి ముందూ చేతికిచ్చారు. విప్పి చూసుకుంది. చప్పట్లు కొట్టారట."

"అమ్మకిప్పుడు ఎనభై నాలుగు," అంది గ్లెనిస్.

"నాకు ఎనభై రెండు. అయితే?" అల్డోనా మళ్ళీ మిషన్ ముందుకి జరిగింది. "ఉన్నదున్నట్టు రాయి. ఆ పేరుతో సహా. రాస్తే బతికున్న పందొమ్మిది మందిమీ మెట్లు దిగుతాం. తీసేసి ఊరుకున్నావనుకో, తెరిచిన రోజు నీ గుమ్మం ముందు నిలబడి వచ్చేవాళ్ళందరికీ మేమే చెప్తాం."

*

గురువారం సాయంత్రం బఠానీ సూపు చల్లారిపోతున్నా ఎవరూ చెంచా ముట్టుకోలేదు. గ్లెనిస్ విన్నదంతా బల్ల మీద పెట్టేసింది. అమ్మ కాదంటుందని, అల్డోనాని తిట్టిపోస్తుందని ఆమె ఆశ. తిట్టినా బాగుండేది.

మెర్ల్ చెంచాని సూపు గిన్నెలో తిప్పుతూ కూర్చుంది.

ముందు ఎగిరింది రస్సెలే. ఇంటి పరువు బజారున పెడతావా, అమ్మ పేరు గోడకెక్కిస్తావా, నీకు మతిగాని పోయిందా అని కేకలేశాడు. అంతలోనే ఏదో గుర్తొచ్చినవాడిలా ఆగాడు. బోర్డు ఉంటే సంతకం తన కాగితం మీద పడుతుంది కదా. గొంతు ఇట్టే మెత్తబడింది.

"అయినా నీ ఇష్టం. నిజం రాయాలనుంటే రాయి, నేనెందుకు అడ్డం రావాలి?"

"నీ సిగ్గు ఆ బిల్డరు కాగితం పట్టుకొచ్చిన రోజే చచ్చింది," అంది గ్లెనిస్. తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నువ్వే చెప్పావా?"

"చెప్పాను."

"ఎందుకు?"

"కౌంటర్ హెడ్ చేస్తామన్నారు."

"చేశారా?"

"చేశారు." మెర్ల్ రుమాలు మడిచి పళ్ళెం పక్కన పెట్టింది. "రేపు పది గంటలు. బోర్డు కనపడకూడదు."

గ్లెనిస్‌కి ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. మాకెందుకు చెప్పలేదంది. క్రిస్మస్ క్రిస్మస్‌కీ ఇంట్లో బల్ల మీద ప్లాస్టిక్ గుడ్డ ఎందుకు పరిచేదానివో ఇప్పుడు తెలిసిందంది. వాల్డా పిన్ని మన గడప తొక్కకపోవడానికి అమ్మమ్మగారి అద్దాల బీరువా తగాదా అన్నావు, ఇంకెన్ని అబద్ధాలున్నాయంది. చెల్లెలి పేరు వినగానే మెర్ల్ లేచి నిలబడింది. పెర్త్‌లో ఉండే ఆ పిన్నికి ఏటా డిసెంబర్లో కార్డు వెళ్తుంది, ఏటా జనవరిలో విప్పకుండానే తిరిగొస్తుంది. ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరు.

మెర్ల్ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

అమ్మ చెప్పినట్టు చేస్తే కొట్టు దక్కుతుంది, కానీ అబద్ధం మీద తెరవాలి. అల్డోనా చెప్పినట్టు చేస్తే నిజం దక్కుతుంది, కొట్టే ఉండదు. గ్లెనిస్ తిట్టుకుంటూ గిన్నెలు కడిగింది. ఎవరిని తిడుతోందో ఆమెకే తెలియదు.

*

శుక్రవారం తొమ్మిదిన్నరకి పెన్‌వార్న్ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. పాత బోర్డు కింద నేల మీద పడుంది. దాని చోట కొత్తది వేలాడుతోంది. అక్షరాలు గ్లెనిస్ సొంతంగా కుంచెతో రాసినవి. గీతలు తిన్నగా లేవు.

'ఈ కొట్టులో పెళ్ళయిన ఆడవాళ్ళకి పని లేదు. ఈ గుడ్డ చేతికిచ్చి పంపేసేవారు. పెళ్ళి దాచుకుని పని చేసుకుంటున్న నలుగురి పేర్లు పైవాళ్ళకి చెప్పింది గ్లౌజుల కౌంటర్‌లో పనిచేసిన మెర్ల్ హాకిన్. ఆమె మా అమ్మ.'

ఆఖరి మూడు మాటలూ రాయడానికి ఆమెకి మిగతాదంతా రాసినంతసేపు పట్టింది.

అల్డోనా వచ్చి రెండుసార్లు చదివింది. బాగుందనలేదు. మెట్ల పక్క కౌంటర్‌కి ఆనుకుని నిలబడింది. వెళ్ళిపోలేదు, అంతే.

పావు తక్కువ పదికి కారాగింది. రస్సెల్ తలుపు తీస్తే మెర్ల్ దిగింది. నల్ల కోటు, చేతులకి బూడిద రంగు తోలు గ్లౌజులు. లాయరు దగ్గరికి వెళ్ళేముందు మాట నిలబెట్టుకున్నారో లేదో చూడ్డానికి వచ్చింది. గోడ మీద బోర్డు ఉండడం గుమ్మంలోంచే కనపడింది. రస్సెల్ పెదవుల మీదికి వచ్చిన నవ్వుని దాచుకోలేకపోయాడు.

మెర్ల్ నేరుగా నడిచి వెళ్ళి బోర్డు ముందు నిలబడింది. పక్కనే అల్డోనా ఉంది. అరవయ్యేళ్ళుగా ఒకే రోడ్డుకి అటూ ఇటూ బతికిన ఇద్దరు ఆడవాళ్ళు ఒకరినొకరు పలకరించుకోలేదు. మెర్ల్ కళ్ళజోడు పెట్టుకుని, కింద నుంచి పైకి ఒకసారి, పై నుంచి కిందికి ఒకసారి చదివింది.

"తప్పు రాశావు," అంది.

గ్లెనిస్ దీనికి సిద్ధపడే ఉంది. "తప్పు కాదమ్మా. నువ్వే ఒప్పుకున్నావు. నేను మాత్రం దీన్ని తియ్యను. నువ్వు వాడి కాగితం మీద పెట్టుకో."

"దీన్ని తియ్యమనడం లేదు. నలుగురని రాశావు. పదకొండు మంది."

అల్డోనా కౌంటర్ మీంచి చెయ్యి తీసేసింది. "మా గదిలో నలుగురమే."

"మీ గదిలో నలుగురు. టీ గదిలో ఇద్దరు. పరుపుల దగ్గర ఒకామె. మూడో అంతస్తులో ముగ్గురు." మెర్ల్ ఎడమ చేతి గ్లౌజు ఒక్కో వేలే లాగి తీసింది. "ఒక్కొక్కళ్ళనీ ఒక్కో కారణం చెప్పి పంపించారు, నేనని తెలియకుండా. మీకు తెలిసింది మీ నలుగురి సంగతే."

"పదే అయ్యారు," అంది అల్డోనా.

మెర్ల్ వంగి, నీలం సిరా పేర్లున్న గుడ్డ అంచుని వేలితో తడిమింది.

"పదకొండోది టోపీల కౌంటర్‌లో ఉండేది. గొర్రెల ఉన్ని కత్తిరించేవాణ్ణి చేసుకుంది. ఇంట్లో కూడా చెప్పలేదు, నాకు ఒక్కదానికే చెప్పింది. మా చెల్లెలు."

రస్సెల్ చేతిలో కారు తాళాలు గలగలమన్నాయి. "వాల్డా పిన్నా?" అన్నాడు, మొదటిసారి చిన్నపిల్లాడి గొంతుతో.

అల్డోనా నవ్వింది. అది మంచి నవ్వు కాదు. "ఇన్నేళ్ళూ నువ్వు మమ్మల్నే అమ్ముకున్నావని తిట్టుకున్నాను, మెర్ల్. తక్కువ తిట్టాను."

"తెలుసు."

మెర్ల్ బ్యాగ్ తెరిచి రెండు కాగితాలూ తీసి కౌంటర్ మీద పక్కపక్కన పెట్టింది. కలం మాత్రం కూతురికిచ్చింది.

"పెర్త్‌కి ఫోన్ చెయ్యి. తన పేరు ఆ గోడ మీద రాయొచ్చో లేదో అడుగు. రాయమంటే నీ లీజు మీద పెడతాను. వద్దంటే ఈ కొట్టు నాకక్కర్లేదు, రాయి మీద రాయి లేకుండా పడగొట్టమను."

"నువ్వే అడగొచ్చు కదమ్మా."

"నా గొంతు వింటే పెట్టేస్తుంది."

నంబరు ఎక్కడుందని గ్లెనిస్ అడగబోయింది. అంతలోనే మెర్ల్ కాగితం చూడకుండా, తడుముకోకుండా, ఒక్కో అంకే నోటికి చెప్పేసింది.

పెర్త్ గడియారం రెండు గంటలు వెనక, అక్కడ ఇంకా ఎనిమిది కావస్తోంది. ఫోను నాలుగుసార్లు మోగింది. ఐదోసారి మోగింది. గ్లెనిస్ పెట్టేద్దామనుకుంటుండగా అవతల ఒక ముసలి గొంతు, అచ్చం అమ్మ గొంతు, ఎవరని అడిగింది.

"పిన్నీ, నేను గ్లెనిస్‌ని. మెర్ల్ కూతుర్ని. పెన్‌వార్న్ కొట్టులోంచి మాట్లాడుతున్నాను."

మెర్ల్ కౌంటర్ అంచుని చేత్తో పట్టుకుంది. అల్డోనా ఆ చేతిని చూస్తోంది కానీ దగ్గరికి రాలేదు.

గ్లెనిస్ ఫోను చెవికి అదుముకుని వింది. పెర్త్‌లో ఎవరో ఊపిరి తీస్తున్నారు. ఫోను మాత్రం పెట్టెయ్యలేదు.